బ్రెడ్ పొడి లేకుండా కట్‌లెట్లు: సీలియాక్ ఉన్న పాపకూ, పేలియో పాటించే అన్నయ్యకూ ఒకే వంట కుదురుతుందా?

ప్రశ్న: గుంటూరు వంటిల్లు

అందరికీ నమస్కారం. మా పాపకు తొమ్మిదేళ్లు. కిందటి వేసవిలో రక్తపరీక్షలూ, ఆ తరువాత ఎండోస్కోపీ చేసి సీలియాక్ వ్యాధి (గోధుమ, బార్లీ లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీను పడని జబ్బు) ఉందని వైద్యులు నిర్ధారించారు. ఆ రోజు నుండి పాపకు గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా పూర్తిగా మాన్పించాము. మా అత్తగారికి మధుమేహం ఉన్నందున రాత్రిపూట ఆమెకు మాత్రం చపాతీలు వేరుగా చేస్తాను. అన్నం, పప్పు, ఇడ్లీ, దోసెలతో రోజులు గడిచిపోతున్నాయి కాబట్టి భోజనం దగ్గర పెద్దగా ఇబ్బంది లేదు. ఇబ్బందంతా సాయంత్రం తినే వాటితోనే, అందులోనూ కట్‌లెట్లతో. పాపకు అవంటే ప్రాణం.

వచ్చే నెల పాప పుట్టినరోజు. అదే వారంలో మా అన్నయ్య డాలస్ నుండి వస్తున్నాడు. అతడు ఏడాదిగా పేలియో ఆహారం పాటిస్తున్నాడు. ధాన్యాలు, పప్పులు, పాలు, పంచదార ఏవీ తినడు. ఒకరికి ఒకటి, మరొకరికి ఇంకొకటి వడ్డించకుండా ఇద్దరూ ఒకే పళ్లెంలోంచి తీసుకొని తినేలా కూరగాయల కట్‌లెట్లు, ఖీమా కట్‌లెట్లు చేయాలని నా కోరిక.

ఇప్పటికి మూడు ప్రయత్నాలు చేశాను. బియ్యప్పిండి అద్ది వేయిస్తే పైపొర పెంకులా గట్టిపడింది, లోపలి ముద్ద మాత్రం జారిపోయింది. శనగపిండి కలిపితే బజ్జీ రుచి వచ్చింది. మూడోసారి కార్న్‌ఫ్లేక్స్ నలిపి అద్దాను. చూడడానికి, తినడానికి అచ్చం బ్రెడ్ పొడి అద్దినట్లే వచ్చాయి. కానీ ఆ రాత్రి పాప కడుపునొప్పితో నిద్రపోలేదు. తెల్లవారి పెట్టె తిప్పి చూస్తే పదార్థాల జాబితాలో బార్లీ మాల్ట్ సారం అని చిన్న అక్షరాలలో ఉంది. మొక్కజొన్నతో చేసినదే కదా అనుకొని చదవకుండా వాడినందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

కట్‌లెట్ విడిపోకుండా లోపల ఏమి కలపాలి, పైన ఏమి అద్దాలి, అది ఇద్దరికీ సరిపోతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం: పెద్దాపురం పెద్దమ్మ

అమ్మా, మీ పెంకు కట్‌లెట్ సంగతి చదవగానే ఎక్కడ పొరపాటు జరిగిందో అర్థమైంది. బ్రెడ్ పొడి కట్‌లెట్‌లో మూడు పనులు చేస్తుంది. లోపలి తడిని పీల్చుకుంటుంది, ముద్దను విడిపోకుండా పట్టి ఉంచుతుంది, పైన కరకరలాడే పొరగా మారుతుంది. మనం ఈ మూడు పనులనూ ఒకే పిండి చేత చేయించాలని చూస్తాము కాబట్టే విఫలమవుతాము. ఏ పనికి ఏది కావాలో విడివిడిగా ఆలోచిస్తే మన ఇంటి డబ్బాలలోనే సమాధానాలు దొరుకుతాయి.

మొదట తడి సంగతి. చాలా ఇళ్లలో బంగాళాదుంపను ముక్కలుగా కోసి, కుక్కరులో నీళ్లు పోసి ఉడికించి, వేడి మీదే మెదుపుతారు. అప్పుడు ముద్ద జిగటగా, నీరుగా తయారవుతుంది. ఆ లోపాన్ని కప్పిపుచ్చడానికే బ్రెడ్ పొడి గుప్పెళ్లు గుప్పెళ్లు పోయవలసి వస్తుంది. దుంపలను తొక్కతోనే, కోయకుండా, ఆవిరి మీద ఉడికించి, ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు తురమండి. చల్లారిన దుంపలో పిండిపదార్థం బిగుసుకుంటుంది కనుక తురుము పొడిపొడిగా వస్తుంది. క్యారెట్, బీన్స్, బఠాణీలను నీరంతా ఇగిరేవరకు మూకుడులో వేయించి, పూర్తిగా ఆరిన తరువాతే కలపండి. ముద్దను పిడికిలిలో గట్టిగా నొక్కి వేళ్లు తెరిచినప్పుడు అరచేతికి చెమ్మ అంటకూడదు, ముద్ద అంచులు పగలకూడదు. ఈ పరీక్షలో నెగ్గిన ముద్దకు సగం పని అయిపోయినట్లే.

పట్టి ఉంచడానికి నేను సగ్గుబియ్యం పొడి వాడతాను. మా పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల సగ్గుబియ్యం మిల్లులు చాలా ఉన్నాయి. కర్రపెండలం దుంపల నుండి తీసిన తడి పిండిని గుండ్రటి పూసలుగా చేసి, వేడి పెనాల మీద వేయించి ఆరబెడతారు. అందువల్ల పూసలో పిండి అప్పటికే కొంతవరకు ఉడికి ఉంటుంది, తడి తగలగానే ఉబ్బి పక్కనున్న వాటిని కరిచి పట్టుకుంటుంది. సన్నటి మంట మీద సగ్గుబియ్యాన్ని రంగు మారకుండా వేయించి, చల్లారాక మిక్సీలో మెత్తగా పొడి చేసుకోండి. అరకిలో దుంపల తురుముకు రెండు పెద్ద చెంచాల పొడి కలిపి, పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. అయితే నానబెట్టిన పూసలను పైన అద్ది నూనెలో వేయవద్దు. లోపల చిక్కుకున్న నీటి ఆవిరితో అవి పేలి నూనె ముఖం మీదికి చిందే ప్రమాదం ఉంది.

ఇక పైపొర. బియ్యప్పిండి ఎందుకు పెంకైందంటే, అది మెత్తటి పిండి కనుక తడితో కలిసి సందు లేని ఒకే పూతగా అతుక్కుపోయింది. బ్రెడ్ పొడిలో కరకర అంతా దానిలోని గాలి గదుల వల్లే వస్తుంది. కాబట్టి మనకు కావలసింది పిండి కాదు, బోలుగా, గరుకుగా ఉండే పలుకు. అలాంటిది మనకు తరతరాలుగా ఉన్నది పేలాలు. తొలి ఏకాదశికి బెల్లం కలిపి చేసుకునే పేలాల పిండి మీకు తెలిసే ఉంటుంది. దానికి వేయించే జొన్న పేలాలే ఇక్కడా పనికివస్తాయి. బాగా కాగిన ఇనుప మూకుడులో గుప్పెడు జొన్నలు వేసి, గుడ్డ మూటతో తిప్పుతూ ఉంటే అర నిమిషంలో టపటపా విచ్చుకుంటాయి. పేలని గింజలను ఏరివేసి, మిక్సీని ఒక్క క్షణం తిప్పి ఆపండి, మళ్లీ ఒక్కసారి తిప్పండి, అంతే. వేళ్ల మధ్య నలిపితే మినపపప్పు పలుకంత ముక్కలు తగలాలి. పిండిగా మారితే మళ్లీ బియ్యప్పిండి కథే అవుతుంది. మరమరాలూ, దొడ్డు అటుకులు వేయించి నలిపినవీ బాగానే ఉంటాయి కానీ జొన్న పేలాలలో ఉండే ఆ కమ్మదనం వాటికి లేదు.

ఇవి పాపకు నిశ్చింతగా పెట్టవచ్చు. జొన్న ధాన్యమే కాబట్టి మీ అన్నయ్యగారికి మాత్రం పనికిరాదు. పేలియో గురించి తెలిసినవారు ఎవరైనా చెప్పగలరు.

సమాధానం: జీవశాస్త్రం మాస్టారు

పెద్దమ్మగారి పద్ధతి చాలా బాగుంది. అయితే "నిశ్చింతగా" అన్న మాట దగ్గర నేను కొంచెం ఆగాలి. జొన్నలో గ్లూటెన్ లేదన్నది నిజమే. ఆ జొన్న మీ ఇంటికి చేరేలోపు గోధుమను ఎన్ని చోట్ల తాకిందన్నదే అసలు ప్రశ్న.

సీలియాక్ అనేది అరుగుదలకు సంబంధించిన చిన్న ఇబ్బంది కాదు. గ్లూటెన్ లోపలికి వెళ్లినప్పుడు శరీరంలోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. గోధుమకూ ఈ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని నిరూపించినది విలెమ్ డికే అనే డచ్ పిల్లల వైద్యుడు. 1944-45 చలికాలపు కరువులో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి రాగానే మళ్లీ క్షీణించడం గమనించి, తన పరిశోధనను 1950లో సిద్ధాంత వ్యాసంగా సమర్పించారు. నేటి లెక్క ప్రకారం రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ కూడా నెలల తరబడి వెళితే హాని చేస్తుంది. ఒక మామూలు బ్రెడ్ ముక్కలోనే రెండు గ్రాములకు పైగా గ్లూటెన్ ఉంటుంది. అంటే చిటికెడు బ్రెడ్ పొడి కూడా తక్కువేమీ కాదు. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం "గ్లూటెన్ రహితం" అని ముద్రించాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు.

మీరు అత్తగారికి చపాతీలు చేస్తానన్నారు కాబట్టి ముందు జల్లెడ చూడండి. గోధుమపిండి జల్లించిన జల్లెడ కళ్లలో ఇరుక్కున్న పిండి ఎంత కడిగినా పూర్తిగా పోదు. పాపకు వేరే జల్లెడ కొనండి, దానికి రంగు దారం కట్టి గుర్తు పెట్టండి. చపాతీ పీట, చెక్క గరిటెలు, మిక్సీ జారు మూతలోని రబ్బరు వాషరు కూడా ఇలాంటివే. పూరీలు వేయించిన నూనెను వడకట్టి పాప కట్‌లెట్లకు వాడకూడదు. బియ్యమైనా, జొన్నలైనా ఊరి పిండి మరలో ఆడించవద్దు, ఎందుకంటే మీకంటే ముందు వచ్చినవారు గోధుమలు ఆడించి ఉంటారు. గింజలుగా కొని, ఏరి, కడిగి, ఆరబెట్టి, ఇంట్లోనే పొడి చేసుకోవడం మేలు.

ఇంకొకటి, చాలామంది ఊహించనిది: ఇంగువ. బజారులో దొరికే ఇంగువ పొడిలో చాలా రకాలకు గోధుమపిండినో, మైదానో కలుపుతారు. కట్‌లెట్ మసాలాలో చిటికెడు ఇంగువ వేసే అలవాటు ఉంటే డబ్బా మీది జాబితా తప్పక చదవండి. సోయా సాస్‌లో కూడా చాలావరకు గోధుమ ఉంటుంది.

పాపకు ఆ రాత్రి వచ్చిన నొప్పి గురించి వైద్యులకు తప్పక చెప్పండి. అంతేకానీ మిమ్మల్ని మీరు నిందించుకోకండి. బార్లీ మాల్ట్ దగ్గర పొరబడిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు.

సమాధానం: న్యూజెర్సీ తెలుగు

నేను నాలుగేళ్లుగా పేలియో పాటిస్తున్నాను, కాబట్టి మీ అన్నయ్యగారి తరఫున నాలుగు మాటలు చెబుతాను. ముందుగా మీ పనిని తేలిక చేసే విషయం ఒకటి. పేలియోలో ధాన్యాలే ఉండవు కనుక, పేలియోకు సరిపోయే వంట అంతా పాపకూ సరిపోతుంది. ఇటు నుంచి అటు మాత్రం కుదరదు. జొన్న పేలాలు, మరమరాలు, శనగపిండి, పుట్నాల పప్పు, చివరికి వేరుశనగ పప్పు కూడా అతడు తినడు, ఎందుకంటే వేరుశనగ కూడా పప్పుజాతిదే. అందువల్ల ఒకే పళ్లెం కావాలంటే అన్నయ్యగారి నియమం నుండి మొదలుపెట్టండి.

ఖీమా కట్‌లెట్‌కు లోపల ఏ పొడీ అవసరం లేదు. దీన్ని నమ్మడానికి నాకే చాలా కాలం పట్టింది. అరకిలో ఖీమాకు చెంచాడు ఉప్పు వేసి, ఇంకేమీ కలపకముందే అయిదారు నిమిషాలు చపాతీ పిండి పిసికినట్లు పిసకండి. ఉప్పు మాంసంలోని ప్రొటీన్లను కరిగించి బయటికి తెస్తుంది, ముద్ద క్రమంగా జిగురు పట్టి గిన్నె అంచులకు దారాల్లాగా అంటుకోవడం మొదలవుతుంది. ఆ దారాలు కనిపించాకే ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర కలపాలి. ఉల్లిపాయను సన్నగా తరిగి, గుడ్డలో వేసి నీరు పిండేయడం మరచిపోకండి. తరువాత అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే కట్‌లెట్లు ఇటుకల్లా నిలబడతాయి. ఖీమాలో కొవ్వు మరీ తక్కువగా ఉంటే ఒక గుడ్డు కలపండి.

కూరగాయల కట్‌లెట్‌కు బంగాళాదుంప బదులు పచ్చి అరటికాయ మంచిది. పేలియోలో బంగాళాదుంపను కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. మీ అన్నయ్యగారిని అడిగి తెలుసుకోండి. అరటికాయను తొక్కతో ఉడికించి, చల్లార్చి, తురిమితే దానికదే గట్టిగా పట్టుకుంటుంది. కందను కూడా ఇలాగే వాడవచ్చు. చాలకపోతే పాలగుండ, అంటే ఆరారూట్ పిండి, ఒక పెద్ద చెంచా కలపండి. కొన్ని దుకాణాలలో ఆరారూట్ పేరుతో మొక్కజొన్న పిండి అంటగడతారు కనుక పొట్లం మీద చదివి కొనండి. పెద్దమ్మగారు చెప్పిన సగ్గుబియ్యం పొడి కూడా కర్రపెండలం నుండి వచ్చినదే కాబట్టి పేలియోవారిలో చాలామందికి అభ్యంతరం ఉండదు.

పైపొరకు నేను రెండు పాళ్లు బాదం పలుకు, ఒక పాలు ఎండు కొబ్బరి తురుము కలుపుతాను. బాదంను మిక్సీలో ఆపకుండా తిప్పితే నూనె విడిచి ముద్ద అవుతుంది, కాబట్టి ఆపి ఆపి తిప్పాలి. కట్‌లెట్‌ను ముందు పాలగుండలో పొర్లించి, గిలకొట్టిన గుడ్డులో ముంచి, ఆ తరువాత ఈ పలుకు అద్దాలి. ఇందులో నూనె, ప్రొటీను ఎక్కువ కనుక బ్రెడ్ పొడి కంటే చాలా త్వరగా రంగు మారుతుంది. మంట పెద్దదైతే లోపల ఖీమా పచ్చిగా ఉండగానే పైన నల్లబడుతుంది. పెనం మీద కొబ్బరి నూనె పలుచగా వేసి, సన్నటి సెగ మీద, ఒక్కో వైపు అయిదు నిమిషాలు ఓపికగా కాల్చండి. ఓవెన్ ఉంటే 190 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇరవై నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి పెట్టవచ్చు.

ఒక జాగ్రత్త. కొబ్బరి తురుము వేరు, కొబ్బరి పిండి వేరు. కొబ్బరి పాలు తీసిన పిప్పిని ఎండబెట్టి చేసే ఆ పిండి తడిని విపరీతంగా లాగేస్తుంది. బ్రెడ్ పొడి కొలతలో దాన్ని కలిపితే కట్‌లెట్ ఇసుక నమిలినట్లుంటుంది. నేను మొదటిసారి అలాగే పాడుచేశాను.

సమాధానం: పాతబస్తీ రుచులు

న్యూజెర్సీవారితో ఒక విషయంలో నేను ఏకీభవించను. పుట్టినరోజుకు బయటి పిల్లలు కూడా వస్తారు. వారిలో ఎవరికైనా బాదం పడకపోతే? గింజల అలర్జీ ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. వచ్చే పిల్లల తల్లిదండ్రులను ముందే అడగండి. అనుమానం ఉంటే పిల్లల కట్‌లెట్లకు పేలాలు, పెద్దల కట్‌లెట్లకు బాదం వాడండి. ఒకే పళ్లెం కావాలన్న మీ ప్రేమ నాకు అర్థమైంది కానీ ఇక్కడ రెండు పళ్లేలే మంచివి.

మామూలు రోజులలో పాప కోసమైతే హైదరాబాదీ షామీ కబాబ్ చేయండి. ఖీమానూ, శనగపప్పునూ మసాలాతో కలిపి నీరు ఇగిరేవరకు ఉడికించి, మెత్తగా రుబ్బి, బిళ్లలుగా వత్తి కాలుస్తాము. పట్టి ఉంచే పనంతా శనగపప్పే చేస్తుంది, బ్రెడ్ పొడి ఊసే ఉండదు. పచ్చి ఖీమా ముద్దలకైతే అరకిలోకు మూడు చెంచాల పుట్నాల పొడి చాలు. పుట్నాలు పాకెట్‌లో కాకుండా విడిగా కొనేటప్పుడు మాస్టారు చెప్పిన జాగ్రత్త తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారి జవాబు: గుంటూరు వంటిల్లు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ ఆదివారం రెండు రకాలూ చేసి చూశాను.

మాస్టారు చెప్పారని ముందు పాత జల్లెడను వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూశాను. అంచు రేకు మడతలో తెల్లటి పిండి గీతలా గట్టిపడి ఉంది. సూదితో గీకితే రాలింది. ఏడాదిగా పాప బియ్యప్పిండి కూడా అందులోనే జల్లిస్తున్నాను. దాన్ని అత్తగారి చపాతీ పిండికి వదిలేసి, పాపకు స్టీలు జల్లెడ కొని, ఎర్ర దారం కట్టాను. ఇంగువ డబ్బా మీద గోధుమపిండి అని స్పష్టంగానే ఉంది. అది కూడా పక్కన పెట్టేశాను.

ఖీమాను ఉప్పుతో పిసుకుతుంటే నాలుగో నిమిషం దాకా ఏ మార్పూ కనిపించలేదు, మానేద్దామనుకున్నాను. ఆ తరువాత హఠాత్తుగా ముద్ద చేతికి అంటుకోవడం మొదలైంది. ఒక్క కట్‌లెట్ కూడా విడిపోలేదు. బాదం, కొబ్బరి పొర మొదటి వాయిలో కొంచెం మాడింది. సెగ తగ్గించాక చక్కటి బంగారు రంగు వచ్చింది. దుంపల కట్‌లెట్లకు జొన్న పేలాలు అద్దాను. పాప ఒకటి కొరికి, ఆ చప్పుడు విని, రెండోది నా చెవి దగ్గర పెట్టి కొరికింది. రాత్రి హాయిగా నిద్రపోయింది.

పాతబస్తీవారు చెప్పినట్లు తల్లిదండ్రులకు ఫోన్ చేశాను. ఒక అబ్బాయికి జీడిపప్పు పడదట. అందుకని పిల్లల వైపు పళ్లెంలో పేలాల కట్‌లెట్లు మాత్రమే ఉంటాయి, వాటిని ముందుగా వేరే నూనెలో వేయిస్తాను. అన్నయ్య దగ్గర పాప కూర్చుంటే బాదం కట్‌లెట్ అక్కడ తింటుంది.

ఒక్క సందేహం మిగిలింది. పుట్టినరోజు ఉదయం తీరిక ఉండదు. ముందు రోజు రాత్రే అన్నీ అద్ది ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా?

సమాధానం: పెద్దాపురం పెద్దమ్మ

పాప చెవి దగ్గర కొరికిందని చదివి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను, అమ్మా. బాదం, కొబ్బరి అద్దినవి రాత్రే చేసి, ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పేర్చి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు, పొర ఇంకా బాగా అతుక్కుంటుంది. పేలాలు అలా కాదు. తడి తగిలిన అరగంటకే మెత్తబడి తోలులా సాగుతాయి. దుంపల బిళ్లలను మాత్రం రాత్రి వత్తి పెట్టుకొని, పేలాల పలుకును గాలి చొరని డబ్బాలో వేరుగా ఉంచండి. నూనె కాగాక పాలగుండను నీళ్లలో పలుచగా కలిపి, బిళ్లను అందులో ముంచి, పేలాలు అద్ది వెంటనే మూకుడులోకి జారవిడవండి. ఒక వాయికి నాలుగుకు మించి వేయకండి.